సున్నపు చుక్క

మా పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఈ ఏడు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. బందరు, గుడివాడ, దివిసీమల్లో పాత బళ్ళను బాగుచేసే మెకానిక్కుల గురించి మనిషికి నాలుగు పేజీలు. మొదటి నాలుగు పేజీలూ బందరు పీర్ సాహెబ్‌కి ఇచ్చారు. రాయడానికి నన్ను పట్టుకున్నారు. ఆయన్ని నలభై ఏళ్ళుగా ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణేనట. మరి నా గురించి ఎవరు రాస్తారని అడిగితే కార్యదర్శి నరసింహారావు గారు, "మీ ఫోటో వేస్తాంగా వెంకటాద్రి గారూ, చివర్లో" అన్నారు.

వ్యాసానికి పేరు కూడా వాళ్ళే పెట్టేశారు. "రివర్స్ సాహెబ్" అట. రెండేళ్ళ కిందట అనంతకృష్ణ గారి అంబాసిడర్‌కి వెనక యాక్సిల్ మార్చినప్పుడు, మొదటి గేరు వేస్తే ఆ కారు ముందుకు పోకుండా వెనక్కి పోయి గోడను గుద్దింది. ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. ఆ రోజు నుంచి పీర్ సాహెబ్‌కి ఆ పేరు అంటుకుంది, పాత కార్ల పని ఆయన చెయ్యి జారింది. ఆ కథే రాయమన్నారు, నవ్వొచ్చేట్టు. చూశారా, నవ్వుకోవడానికైనా ఆయనే కావాలి!

రాస్తాను. కానీ ముందే చెప్తున్నాను, పీర్ సాహెబ్ అంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, నలభై ఏళ్ళుగా పోషించుకుంటున్న కుళ్ళు. అది లేనట్టు నటించి రాయడం నా వల్ల కాదు.

మేమిద్దరం గుడివాడలో లక్ష్మయ్య గారి షెడ్డులో పని నేర్చుకున్నాం. నేను మూడు నెలలు ముందు చేరాను. ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు కాబట్టి రాసి పెడుతున్నాను. పీర్ సాహెబ్ తండ్రి పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాడు. ఆ చెక్క పని వదిలేసి కొడుకు ఇనుము పట్టుకున్నాడు. వచ్చిన వారం రోజులకే లక్ష్మయ్య గారి దగ్గరికి ఒక ఫియట్ కారు వచ్చింది. నడుస్తుంటే వెనక ఎక్కడో గుయ్యిమంటోంది. నేను చక్రం బేరింగ్ అన్నాను. పీర్ సాహెబ్ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన యాక్సిల్ మీద ఆనించి, చెక్క పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. "లోపల పినియన్ పళ్ళచక్రం అరిగిందండీ" అన్నాడు. విప్పి చూస్తే పినియనే. లక్ష్మయ్య గారు ఆ స్క్రూడ్రైవరు తీసి వాడి చేతిలో పెట్టారు.

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ స్క్రూడ్రైవరు ఇప్పటికీ ఆయన షెడ్డులో మేకుకి వేలాడుతుంటుంది. నేను ఎప్పుడు వెళ్ళినా ముందు మనిషి వైపు కాదు, దాని వైపే చూస్తాను.

తర్వాత నేను గుడివాడలోనే షెడ్డు పెట్టుకున్నాను, ఆయన బందరు కోనేరు సెంటర్ దగ్గర పెట్టుకున్నాడు. హమ్మయ్య, ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరం అనుకున్నాను. దూరం ఏం చేసింది? గుడివాడ వాళ్ళు కూడా నా షెడ్డు ముందు నుంచే, నాకు హారన్ కొట్టి మరీ బందరు పోయేవాళ్ళు. ఆయన చొక్కాకి గ్రీజు అంటదు. అరవై దగ్గరపడుతున్నా జుట్టు నెరవలేదు, రంగు వేస్తాడేమోనని ఎన్నోసార్లు మొదళ్ళు కూడా పరీక్షగా చూశాను, వెయ్యడు. మా ఆవిడ వీరదుర్గ మిక్సీ చెడిపోతే నేను రెండుసార్లు విప్పి బిగించాను. ఆయన ఒకసారి భోజనానికి వచ్చి, దాని మొర విని, అయిదు నిమిషాల్లో బాగుచేశాడు. "అన్నయ్య చేతిలో ఏదో ఉందండీ" అంది మా ఆవిడ. కట్టుకున్న పెళ్ళాం నోటి వెంట ఆ మాట వింటే ఎవరి కడుపు మండదు?

పైగా నన్ను "బావా" అంటాడు. నాకంటే నెల రోజులు చిన్నవాడు. ఆ పిలుపులో ఎక్కడా వెటకారం ఉండదు. వెటకారం ఉంటే కొంత సుఖపడేవాణ్ణి.

ఇక కారు సంగతి. బందరులో అనంతకృష్ణ గారని కాలేజీ లెక్చరరు. వాళ్ళ తాతగారు ప్రిన్సిపాలుగా చేసే రోజుల్లో, అరవై ఎనిమిదిలో కొన్న అంబాసిడర్ పదిహేనేళ్ళుగా వాళ్ళ పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. దాన్ని రోడ్డెక్కించి, క్లబ్బు ఊరేగింపులో అన్నిటికంటే ముందు నడపాలని ఆయన కోరిక. ఒక ఆదివారం ఇరవై పాత కార్లు బందరు నుంచి ఘంటసాల, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళాలి. ఆ ఇరవై కార్ల యజమానులూ చూస్తుండగా ఈ కారును ఎవరు కదిలిస్తారో, ఇక జిల్లాలో పాత కార్లన్నీ వాళ్ళ షెడ్డుకే వెళ్తాయి. అది నాకు తెలుసు. నన్ను అడుగుతారేమోనని నెల రోజులు ఎదురుచూశాను. పీర్ సాహెబ్‌ని అడిగారు.

ఇంజన్ తొందరగానే లేచింది. చిక్కంతా వెనక యాక్సిల్‌తో వచ్చింది. దాని గొట్టం పగిలింది, లోపల పళ్ళు తుప్పు పట్టి ఊడిపోయాయి. తోట్లవల్లూరులో ఒక రైతు పశువుల కొట్టంలో అలాంటి కారే ఇంకొకటి పడి ఉందని తెలిసి, ఆయన వెళ్ళి దాని వెనక యాక్సిల్ మొత్తం విప్పించుకొచ్చాడు. పాత కారుకి ఇంకో పాత కారు నడుము పెట్టడమన్నమాట. ముందుగా ఖాళీ గొట్టాన్ని కమాన్ కట్టల మీద కూర్చోబెట్టి బిగించాడు. దాని నడిమధ్య గుండ్రటి బొర్ర ఉంటుంది. ఇంజన్ తిప్పిన తిప్పుడుని చక్రాలకు పంచే డిఫరెన్షియల్ ఆ బొర్రలోకి వెళ్ళాలి. దాన్ని విడిగా విప్పి, డీజిల్‌తో కడిగి, పళ్ళు సరిచూసి, గోనెపట్టా మీద సిద్ధంగా పెట్టాడు. ఊరేగింపుకి ఒక్క రోజుంది.

శనివారం పదకొండింటికి నాకు ఫోన్ వచ్చింది.

"బావా, ఎక్కడున్నావ్? సబీనాకి నొప్పులొస్తున్నాయంట. బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేనూ లతీఫా బయల్దేరుతున్నాం. అనంతకృష్ణ గారి బండి మిగతాది నువ్వు బిగించాలి. నీ చేతికైతే నాకు బెంగలేదు."

లతీఫా ఆయన భార్య. సబీనా వాళ్ళ కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల. తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలని నిజంగానే అనుకున్నాను. అలా అనుకున్న మరుక్షణం నా లోపల మతాబులు వెలిగాయి. దాచుకోను, అదే జరిగింది. చివరి నట్టు ఎవరు బిగిస్తే పని వాళ్ళదే. బస్సెక్కి పెడన దాటేసరికి, ఆదివారం పొద్దున జనం ముందు ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

కారు చెక్కదిమ్మల మీద నిలబెట్టి ఉంది. గోనెపట్టా మీద డిఫరెన్షియల్ మెరిసిపోతోంది. దాని అంచు మీద ఒక చోట, వేలితో పెట్టినట్టు, తెల్లటి సున్నపు చుక్క.

ఇక్కడ మా పని పద్ధతి గురించి ఒక ముక్క చెప్పాలి. ఏ సామానైనా విప్పేటప్పుడు ఏది పైకో ఏది కిందికో గుర్తు పెట్టుకుంటాం. లక్ష్మయ్య గారు కుంకుమ పెట్టేవారు. నేనూ అంతే. బొట్టు ఉన్నది పై వైపు. నుదుటి మీదే కదా పెట్టుకుంటాం, గడ్డం మీద కాదు. పీర్ సాహెబ్ తమలపాకులు వేస్తాడు, జేబులో ఎప్పుడూ సున్నపుకాయ ఉంటుంది. అందులోంచి వేలితో తీసి చుక్క పెడతాడు. ఆయన చుక్క పెట్టడం వందసార్లు చూశాను. ఎందుకలా పెడతావని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర నేర్చుకున్నట్టవుతుందని.

కారు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, డిఫరెన్షియల్‌ని ఎత్తి, చుక్క పైకి వచ్చేట్టు బొర్రలోకి తోశాను. చక్కగా కూర్చుంది. చుట్టూ ఎనిమిది నట్లు. ఎటు తిప్పి పెట్టినా కూర్చునే అమరిక అది, అదే దాని దొంగబుద్ధి. నాలుగు నట్లు బిగించాక నాకేదో తేడా కొట్టింది. ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ కలిసే పినియన్ మూతి ఉండాల్సిన దానికంటే ఎత్తుగా ఉన్నట్టనిపించింది. నలభై ఏళ్ళుగా ఆ మూతి కిందికే చూశాను. చెయ్యి ఆపాను.

ఫోన్ జేబులోనే ఉంది. "సాయెబూ, చుక్క పైకా కిందికా?" అని నాలుగు మాటలు అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే మర్నాడు ఆయన, "నేను ఫోన్లో చెప్పాను, బావ బిగించాడు" అంటాడని భయం. అప్పుడు పని మళ్ళీ ఆయనదైపోతుంది. పోనీ నా కంటిని నమ్మి తిప్పి పెట్టానా? అదీ లేదు. చుక్క పెట్టినవాడు పీర్ సాహెబ్, ఆయన పొరపాటు చెయ్యడు కదా అనుకున్నాను! జీవితమంతా ఎవరి మీద పడి ఏడ్చానో, నా కన్ను కంటే ఆయన చుక్కనే ఎక్కువ నమ్మాను. మిగతా నాలుగు నట్లూ బిగించేశాను.

రెండు వైపుల నుంచీ యాక్సిల్ కడ్డీలు తోసి, డ్రమ్ములు, చక్రాలు ఎక్కించి, బ్రేకు గొట్టం కలిపి, ఆయిల్ పోసేసరికి సాయంత్రమైంది. దిమ్మల మీదుండగానే ఒకసారి చక్రాలు తిప్పి చూడాలి. ఎవరైనా చూస్తారు. పొద్దున్నే జనం ముందు మొదటిసారి కదిలితేనే అందం అని వదిలేశాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అనంతకృష్ణ గారి గేటు బయట కార్లు బారులు తీరాయి. లోపల ముప్ఫై మంది. ఆయన భార్య రామలక్ష్మి గారు కారుకి హారతిచ్చి నిమ్మకాయలు పెట్టారు. కూతురు తన్మయి ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. అంతా నా చుట్టూ మూగి, "గుడివాడ వెంకటాద్రి గారండీ, రాత్రికి రాత్రి సిద్ధం చేశారు" అనుకుంటున్నారు. రాత్రికి రాత్రి కాదు, సాయంత్రానికే అయిపోయింది, కానీ నేను సరిదిద్దలేదు. అంత సుఖం నేనెప్పుడూ ఎరగను.

అనంతకృష్ణ గారు తాతగారి ఫోటోకి దణ్ణం పెట్టి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలారు. కారు వెనక్కి వెళ్ళింది.

ఆయన కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కారు. కారు మల్లె పందిరి పడగొట్టి, బట్టలారేసిన తీగ తెంపి, దుప్పటి ఒకటి నెత్తిన వేసుకుని, పెరటి గోడను గుద్ది ఆగింది. తర్వాత ముప్ఫై మందీ ఒక్కసారిగా నవ్వారు. నరసింహారావు గారైతే, "నాలుగు రివర్స్ గేర్లు, ఒక ముందు గేరు! అవనిగడ్డ దాకా తిరగేసి తోలుకెళ్దాం రండి" అని పొట్ట పట్టుకున్నారు.

నవ్వనిది ఇద్దరమే. అనంతకృష్ణ గారు దుప్పటి తొలగించుకుని దిగారు. ముఖం ఎర్రబడిపోయింది. "ఇది ఎవరు బిగించారండీ?" అన్నారు.

నేను తెగిన తీగను చుట్టడం మొదలుపెట్టాను. అంతలో ఆయన ఫోన్ మోగింది. పీర్ సాహెబ్. సబీనాకి కొడుకు పుట్టాడని చెప్పడానికి చేశాడు. ఈయన అదేమీ చెప్పనివ్వకుండా, ఫోన్ స్పీకర్లో పెట్టి, "మీరు బాగుచేసిన కారు వెనక్కి పోతోంది సాహెబ్ గారూ. గోడ కూలింది. ఏం పనండీ ఇది?" అని కేకలేశారు.

అవతల ఆస్పత్రిలో ఎవరినో పేరు పెట్టి పిలవడం వినిపించింది. డిఫరెన్షియల్ తలకిందులైతే చక్రాలు వెనక్కి తిరుగుతాయి, ఆయనకి ఏం జరిగిందో అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఇప్పుడు నా పేరు చెప్తాడు, నేనైతే చెప్పేవాణ్ణి.

"చుక్క పెట్టింది నేనేనండీ" అన్నాడు పీర్ సాహెబ్. "వెంకటాద్రి దాన్ని చూసే బిగించుంటాడు. పొరపాటు నా దగ్గరే ఉందండీ. గోడ నేనొచ్చి కట్టిస్తాను. మా బావని అక్కడే ఉండమనండి, నాలుగు గంటల్లో సరిచేసి ఇస్తాడు."

అందరూ నా వైపు జాలిగా చూశారు. "పాపం, ఆయన పెట్టిన గుర్తు చూసి ఈయన బిగించాడు" అన్నారు ఎవరో. నేను తల వంచుకున్నాను. తల వంచుకుంటే వినయం అనుకున్నారు.

కారు కిందికి దూరాక ఆయన నాకు విడిగా ఫోన్ చేశాడు. "బావా, అది పనిచేసేవాడి పొట్టవైపు చుక్క. మా నాన్న అచ్చులకి అట్లాగే పెట్టేవాడు. అచ్చు పట్టుకున్నవాడి పొట్టవైపు చుక్కుంటే పువ్వు తలకిందులు కాదని. మనం పడుకుని పనిచేస్తాం కదా, కిందికి రావాలి."

"ముందే చెప్పొచ్చుగా సాయెబూ" అన్నాను. పైగా కోపం కూడా చూపించాను.

"నువ్వడుగుతావులే అనుకున్నా" అన్నాడు. అంతే. ఆ తర్వాత మనవడు తెల్లగా లతీఫా పోలికలో ఉన్నాడని చెప్పాడు.

మధ్యాహ్నానికి డిఫరెన్షియల్ తిప్పి పెట్టాను. కారు ముందుకు వెళ్ళింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అవనిగడ్డ తీసుకెళ్ళారు, దండ వేశారు. పీర్ సాహెబ్ పాడుచేసిన కారును సమయానికి కాపాడిన వెంకటాద్రి అని మైకులో చెప్పారు. నేను దండ సర్దుకున్నాను. ఆ వారం నుంచే పాత కార్లు నా షెడ్డుకి రావడం మొదలైంది. ఇప్పుడు బందరు వాళ్ళు ఆయన షెడ్డు ముందు నుంచి గుడివాడ వస్తున్నారు. ఆయన రొయ్యల వ్యాన్లు, ఆటోలు చేసుకుంటున్నాడు. ఇన్నేళ్ళు కోరుకున్నదంతా నాకు వచ్చింది. ఒక్క పూట కూడా సంతోషంగా లేను.

ఈ వ్యాసం కోసం పుట్టిన తేదీ వగైరా అడగడానికి పోయిన నెల ఆయన షెడ్డుకి వెళ్ళాను. అలవాటుగా స్క్రూడ్రైవరు వైపు చూశాను. లతీఫా టీ తెచ్చింది. గోనెపట్టా మీద ఏదో జీపుది డిఫరెన్షియల్ కడిగి పెట్టి ఉంది. దాని కింది అంచున సున్నపు చుక్క. పై అంచున ఎర్రగా, గుండ్రంగా, కుంకుమ బొట్టు.

"ఇదేంటి సాయెబూ, నువ్వు బొట్టెప్పుడు మొదలెట్టావ్?" అన్నాను.

"అప్పటి నుంచీ పెడుతూనే ఉన్నాడండీ అన్నయ్యా" అంది లతీఫా. "కుంకుమ పొట్లం అయిపోతే మళ్ళీ నన్నే కొనుక్కు రమ్మంటాడు. కొట్టువాడు అదోలా చూస్తాడు."

ఆయన చక్రం నట్లు విప్పుతూ, తలెత్తకుండా అన్నాడు. "కిందిది నాకు, పైది నీకు బావా. రేపు నాకేదన్నా అవసరమొస్తే మళ్ళీ నిన్నేగా పిలవాల్సింది."

టీ అక్కడే పెట్టేసి వచ్చేశాను. పుట్టిన తేదీ అడగలేదు.

నరసింహారావు గారూ, ఈ వ్యాసానికి మీరు పెట్టిన పేరు కొట్టేశాను. పైన రాసిన పేరే వెయ్యండి. పీర్ సాహెబ్ పెట్టిన చుక్క సరైన వైపే ఉంది. దాన్ని తలకిందులు చేసిందీ, తేడా కనిపించినా ఫోన్ చెయ్యందీ, చక్రాలు తిప్పి చూడందీ, ఆయన తన మీద వేసుకుంటుంటే నోరు మూసుకుని దండ వేయించుకుందీ నేను. పాత కార్లున్నవాళ్ళు ఇక నుంచి బందరు వెళ్ళండి. నా షెడ్డు ముందు నుంచే వెళ్ళండి, హారన్ కూడా కొట్టండి.

ఇది రాస్తే కుళ్ళు పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఇన్నాళ్ళూ ఆయన చెయ్యి చూసి ఏడ్చాను, ఇప్పుడు ఆ కుంకుమ పొట్లం చూసి ఏడుస్తున్నాను. అది నాకెందుకు తట్టలేదని.

తన్మయీ, ఇది టైపు చేసేది నువ్వే కదా. అక్షరాలు తప్పుంటే దిద్దమ్మా. చివరి రెండు పేరాలు మాత్రం ముట్టుకోకు.